చేతికి పనితనం ఉంది, చేతిలో పత్రమేదీ?

మన బస్తీల్లోని కళ్లద్దాల దుకాణాల వెనుక గదుల్లో తరచుగా ఒక యువకుడు కనిపిస్తాడు. డాక్టరు రాసిన నంబరు ప్రకారం వచ్చిన లెన్సును ఫ్రేము ఆకారానికి తగినట్టు సానరాతిపై అరగదీయడం అతని పని. చేతి ఒత్తిడి కాస్త ఎక్కువైతే అద్దం అంచు పెచ్చులూడుతుంది; లెన్సు మధ్యబిందువు కంటిపాపకు ఎదురుగా కుదరకపోతే పెట్టుకున్నవారికి తలనొప్పి వస్తుంది. ఆ రెండు తప్పులూ జరగకుండా అతను రోజుకు పదుల సంఖ్యలో అద్దాలు బిగిస్తాడు. "ఎక్కడ నేర్చుకున్నావు బేటా?" అని అడిగితే "ఉస్తాద్ దగ్గర" అంటాడు. "ఎన్నాళ్లు?" అంటే ఏడెనిమిదేళ్లు అంటాడు. "మరి సర్టిఫికెట్?" అన్న ప్రశ్నకు చిన్న నవ్వు తప్ప జవాబు ఉండదు.

ఆ నవ్వు వెనుక మన సమాజపు ఆర్థిక స్థితి అంతా దాగి ఉంది. మెకానిక్ షెడ్డులో, వెల్డింగు దుకాణంలో, జరీ మగ్గం దగ్గర, లాడ్ బజార్ లక్క గాజుల కొలిమి వద్ద మన పిల్లలు పని నేర్చుకుంటూనే ఉన్నారు. అయితే ఆ నేర్పుకు ఒప్పందం లేదు, పాఠ్యక్రమం లేదు, పరీక్ష లేదు, పత్రం లేదు. పత్రం లేని నేర్పు ఆ గల్లీ దాటి బయటకు పోలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే: పని నేర్చుకునే దశ కూడా చట్టం గుర్తించిన దశ. ఒప్పందంతో, స్టైపెండ్‌తో, చదువుతో కూడిన శిక్షణ మన బిడ్డల హక్కు. ఆ హక్కును చిన్న పనుల వద్ద మాత్రమే కాక, దేశంలోని అత్యంత సున్నితమైన పరిశ్రమల ద్వారాల వద్ద కూడా అడగాలి. అటువంటి పరిశ్రమలలో ఒకటైన సూక్ష్మ దృశా పరికరాల తయారీని, అంటే ప్రెసిషన్ ఆప్టిక్స్‌ను, ఉదాహరణగా తీసుకుంటాను.

చేతివేళ్ల మీద నడిచే పరిశ్రమ

కెమెరా, సూక్ష్మదర్శిని, శస్త్రచికిత్స పరికరం, రాత్రివేళ చూడగల సైనిక దుర్భిణి, ఉపగ్రహంలోని కన్ను - వీటన్నిటికీ ప్రాణం లెన్సు. దాని తయారీ గాజు దిమ్మెతో మొదలవుతుంది. ముందుగా వజ్రపు పొడి పొదిగిన పనిముట్టుతో దిమ్మెకు వంపు తెస్తారు. ఆపై వరుసగా మరింత మెత్తని రాపిడి పొడులతో అరగదీస్తారు. ఒక దశలోని ముతక రేణువు ఒక్కటి తరువాతి దశలోకి జారినా అద్దం మీద గీత పడుతుంది, గంటల శ్రమ వృథా అవుతుంది. కనుక చేతులు, బల్ల, గుడ్డ శుభ్రంగా ఉంచుకోవడమే ఈ విద్యలో మొదటి పాఠం. చివరగా పిచ్ అనే జిగట పదార్థం పూసిన అచ్చు మీద సీరియం ఆక్సైడ్ కలిపిన నీటితో మెరుగు పెడతారు.

ఆ తరువాత పరీక్ష. కచ్చితమైన వంపు గల ప్రమాణ గాజును తయారైన అద్దం మీద ఉంచి ఏకవర్ణ కాంతిలో చూస్తే వెలుగు, చీకటి వలయాలు కనిపిస్తాయి. న్యూటన్ వలయాలని మనం భౌతికశాస్త్రంలో చదివినవి ఇవే. ఒక్కో వలయం అర తరంగదైర్ఘ్యపు తేడాను చూపుతుంది. పాదరస దీపపు ఆకుపచ్చ కాంతిలో అది సుమారు 273 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు రెండు వందల యాభయ్యో వంతు. వలయం వంకరగా ఉంటే ఎక్కడ ఎంత అరగదీయాలో శిక్షణ పొందిన కన్ను చెబుతుంది. మెరుగు పెట్టిన వెంటనే కొలిస్తే అద్దంలోని వేడి తప్పుడు వలయాలను చూపుతుంది. అది చల్లారేదాకా ఆగడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఆపై లెన్సును కేంద్రీకరించి అంచు తీస్తారు. శూన్య గదిలో పలుచని పూత పూస్తారు. పూత లేని మామూలు గాజు తన ప్రతి ముఖం మీద పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి పంపుతుంది. పది, పదిహేను లెన్సులున్న పరికరంలో ఆ నష్టం ఎంత అవుతుందో ఊహించుకోవచ్చు.

నేడు కంప్యూటరుతో నడిచే యంత్రాలు ఈ పనిలో చాలా భాగాన్ని చేస్తున్నాయి. అయినా యంత్రాన్ని అమర్చేది, వలయాన్ని చదివేది, తప్పును పసిగట్టేది మనిషే. ఈ నేర్పు పుస్తకం చదివితే రాదు; కేవలం చేతులు ఆడించినా రాదు. గణితం, కాంతి నియమాలు తెలిసిన బుర్ర, ఏళ్ల తరబడి సాధన చేసిన చేయి రెండూ కలవాలి. అందుకే జర్మనీలో ఈ వృత్తికి 'ఫైనాప్టికర్' పేరుతో మూడున్నరేళ్ల అప్రెంటిస్ శిక్షణ ఉంది. కొన్ని రోజులు కర్మాగారంలో పని, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో చదువు. శిక్షణ కాలమంతా నెలనెలా భత్యం, చివర పరిశ్రమల మండలి పరీక్ష, దేశమంతటా చెల్లే పత్రం.

పుస్తకాన్ని నిషేధించిన యజమాని

అయితే జర్మనీలోనూ మొదటి నుంచీ ఈ మర్యాద లేదు. జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ కథ మన ప్రతి మొహల్లాలో చెప్పుకోదగినది. 1787లో ఒక గాజు పనివాని ఇంట అతను పుట్టాడు. పన్నెండేళ్లు నిండకముందే తల్లిదండ్రులిద్దరూ పోయారు. సంరక్షకులు ఆ అనాథను మ్యూనిక్‌లో అద్దాలు చేసే ఒక యజమాని వద్ద జీతం లేని అప్రెంటిస్‌గా చేర్చారు. పిల్లవాడు ఆదివారం బడికి పోవడం, పుస్తకం పట్టుకోవడం యజమానికి గిట్టలేదు. ఇంటి చాకిరీ, అద్దాల చాకిరీ, అంతే.

1801లో ఆ ఇల్లు కూలిపోయింది. శిథిలాల కింద నుంచి బాలుణ్ణి సజీవంగా బయటకు తీశారు. అక్కడికి వచ్చిన బవేరియా పాలకుడు అతనికి కొంత సొమ్ము బహూకరించాడు. ఆ సొమ్ముతో ఫ్రాన్‌హోఫర్ చేసిన పనులు గమనించండి: గాజు సానబట్టే యంత్రం కొన్నాడు, మిగిలిన దాస్యకాలం నుంచి తనను తాను విడిపించుకున్నాడు. శ్రేయోభిలాషి ఒకరు పుస్తకాలు ఇచ్చారు. 1806లో దృశా పరికరాల సంస్థలో చేరాడు. 1814 నాటికి సూర్యకాంతి వర్ణపటంలో వందల కొద్దీ నల్ల గీతలను గుర్తించి కొలిచాడు. నేటికీ వాటిని ఫ్రాన్‌హోఫర్ గీతలనే పిలుస్తారు. నక్షత్రాలు ఏ పదార్థంతో నిర్మితమయ్యాయో తెలుసుకునే మార్గం ఆ గీతలలోనే దొరికింది.

ఈ కథను అదృష్టం కథగా చెప్పుకోవడం అలవాటు. నేను దాన్ని హక్కుల కథగా చదువుతాను. ఇల్లు కూలకపోయి ఉంటే? రాజు ఆ దారిన రాకపోయి ఉంటే? ప్రపంచం ఆ పేరు వినేది కాదు. మన షెడ్లలో "చోటూ" అని మాత్రమే పిలిపించుకుంటూ, టీ గ్లాసులు మోస్తూ, సొంత పేరు కూడా మరచిపోతున్న పిల్లల్లో ఎందరు ఫ్రాన్‌హోఫర్లు ఉన్నారో ఎవరికి తెలుసు? ఒక బిడ్డ భవిష్యత్తు ఇల్లు కూలడం మీద ఆధారపడకూడదు. దానికోసమే చట్టం.

జర్మనీ ఆ పాఠం నేర్చుకుంది. 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం ప్రకారం యజమాని అప్రెంటిస్‌ను పాఠశాలకు పోనివ్వాలి, శిక్షణ సామగ్రిని ఉచితంగా ఇవ్వాలి, శిక్షణకు సంబంధం లేని చాకిరీ చేయించకూడదు. ఈ పరిశ్రమలోనే మరో దృష్టాంతం ఉంది. యెనా నగరంలో కార్ల్ జైస్ 1846లో ప్రారంభించిన కార్ఖానాను ఆపై నడిపిన ఎర్నెస్ట్ ఆబె ఒక నూలు మిల్లు కార్మికుని కుమారుడు. ఆయన 1896లో రాసిన సంస్థ నియమావళిలో ఉద్యోగుల నియామకం వంశం, మతం, రాజకీయ పక్షం చూడకుండా జరగాలని స్పష్టంగా ఉంది. 1900లో అక్కడ ఎనిమిది గంటల పనిదినం అమలైంది. నూట ముప్పై ఏళ్ల కిందట ఒక లెన్సుల కర్మాగారం రాసుకోగలిగిన వాక్యాన్ని నేడు మన ప్రైవేటు సంస్థలు ఎందుకు రాసుకోలేవు?

మన చట్టం ఏమి చెబుతోంది?

మనకూ చట్టం ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, దానికి 2014లో వచ్చిన సవరణ, ఆపై 2019లో సవరించిన నిబంధనలు ప్రతి కుటుంబమూ తెలుసుకోదగినవి. 30 లేక అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థ, కాంట్రాక్టు సిబ్బందిని కూడా లెక్కలోకి తీసుకుని, వారిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. కనీస వయసు 14 ఏళ్లు. ప్రమాదకర పరిశ్రమల్లో 18. శిక్షణ మొదలయ్యే ముందు రాతపూర్వక ఒప్పందం కుదరాలి, అది నమోదు కావాలి. 2019 నిబంధనల ప్రకారం చదువును బట్టి కనీస స్టైపెండ్ నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలు. దీన్ని 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025లో సిఫారసు చేసింది. పనిలో గాయపడితే పరిహారం యజమాని బాధ్యత. వివాదం వస్తే అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనే అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

లోపాలూ చెప్పుకోవాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాదు. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇవ్వవలసిన నిర్బంధం యజమానికి లేదు; నియామక విధానాన్ని ఎవరికి వారే రూపొందించుకోవచ్చు. షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు, వెనుకబడిన తరగతులకు శిక్షణ స్థానాలు కేటాయించాలన్న నిబంధన ఉంది గాని మత మైనారిటీలకు ప్రత్యేక కేటాయింపు లేదు. వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్న ముస్లిం వర్గాలు ఆ ద్వారం గుండా అడగవచ్చు. కాని కేంద్ర సంస్థలు చూసేది కేంద్ర జాబితాను. రాష్ట్రంలో 2007 నుంచి 4 శాతం రిజర్వేషన్ పొందుతున్న బీసీ-ఈ వర్గాలన్నీ అందులో లేవు. ఈ తేడాను తొలగించాలన్న డిమాండు మన సంఘాల ఎజెండాలో ముందు వరుసలో ఉండాలి.

ఇక అవకాశాలు ఎక్కడో దూరాన లేవు. మన మచిలీపట్నంలో ఒకప్పటి ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో భాగమైంది. నేడు అక్కడ రాత్రి దృశ్య పరికరాలు తయారవుతున్నాయి. దేహరాదూన్‌లోని రక్షణ రంగ ఆప్టికల్ కర్మాగారాల్లో 'ఆప్టికల్ వర్కర్' అనేది ఒక ప్రత్యేక వృత్తి. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి సూక్ష్మ యంత్ర పనిలో శిక్షణ ఇస్తోంది. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ ట్రేడుల్లో ఐటీఐ చేసిన విద్యార్థికి ఈ రంగంలోకి అడుగుపెట్టే మెట్లు ఇవే. జర్మన్ భాష నేర్చుకునే ఓపిక ఉన్నవారికి ఆ దేశం 2020లో అమలుచేసిన నైపుణ్య వలస చట్టం వృత్తి శిక్షణ కోసం వచ్చే విదేశీ యువతకు కూడా వీసా ఇస్తోంది. అయితే దళారుల చేతిలో లక్షలు పోసే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడ అప్రెంటిస్‌కు సంస్థే భత్యం ఇస్తుంది.

గర్వం సరే, శిక్షణ ఏది?

దృశాశాస్త్రం మాట వస్తే మన సభల్లో ఇబ్నుల్ హైసమ్ పేరు తప్పక వినిపిస్తుంది. వినిపించాలి కూడా. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఆ మహనీయుడు వెయ్యేళ్ల కిందట రాసిన 'కితాబుల్ మనాజిర్' కాంతి అధ్యయనానికి కొత్త దారి వేసింది. ఆయన గౌరవార్థం 2015లో అంతర్జాతీయ కాంతి సంవత్సరం సందర్భంగా యునెస్కో కార్యక్రమాలు జరిపింది. కాని మనం మరచే విషయం ఒకటుంది. పరావర్తనాన్ని పరిశీలించడానికి అవసరమైన లోహ పరికరాన్ని ఏ కొలతలతో ఎలా తయారు చేయాలో ఆయన ఆ గ్రంథంలోనే వివరంగా రాశారు. ఆయన దృష్టిలో ఆలోచించే బుర్ర, పరికరం చేసే చేయి వేర్వేరు మనుషులవి కావు. హజ్రత్ దావూద్ అలైహిస్సలాం తన చేతి కష్టంతో జీవించారని చెప్పుకునే మనం చేతిపనిని చదువులో వెనుకబడినవారి శిక్షగా ఎప్పుడు మార్చుకున్నాం?

మన హైదరాబాద్‌దే ఒక ఉదాహరణ. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దుర్భిణిని తెప్పించి నిజామియా నక్షత్రశాలకు పునాది వేశారు. అది మనం గర్వించదగిన పని. అయితే అద్దం అక్కడ తయారై ఇక్కడికి వచ్చింది. అద్దం చేసే విద్య మాత్రం రాలేదు. కొనగలిగిన సంపద ఉన్న కాలంలో నేర్చుకోవాలన్న ఆలోచన బలపడలేదు. నేడు సంపద లేదు కనుక నేర్చుకోవడం ఒక్కటే మిగిలిన దారి. అది అసాధ్యమూ కాదు. తమిళనాడులోని కావలూరులో 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దుర్భిణి అద్దాన్ని బెంగళూరులో మన దేశపు పనివారే అరగదీసి మెరుగు పెట్టారు.

సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక ఈ దిశగా స్పష్టమైన సూచనలు చేసింది. ఐటీఐ ప్రవేశ అర్హతను ఎనిమిదో తరగతికి తగ్గించాలని, మదరసాల్లో చదివిన పిల్లలకు కూడా ఆ అవకాశం కల్పించాలని, ఎదుగుదల ఉన్న రంగాలపై దృష్టి పెట్టాలని కోరింది. ఆ తరువాత మైనారిటీల కోసం 'సీఖో ఔర్ కమావో', 'ఉస్తాద్', 'నయీ మంజిల్' వంటి పథకాలు వచ్చాయి. ఉస్తాద్ పథకం సంప్రదాయ కళలను కాపాడడానికి ఉద్దేశించినది. బిద్రీ, జరీ, లక్క పనులు బతకాలి. అందులో సందేహం లేదు. కాని తాత చేసిన పనిలోనే మనవడి నైపుణ్యాన్ని వెతకడం ఒక హద్దు గీయడమే. వెండి తీగను పొదిగే బిద్రీ కళాకారుని వేళ్లలో ఉన్న ఓర్పే లెన్సు మెరుగు పెట్టడానికీ కావాలి. ఆ వేళ్లకు గణితం జోడించే బాధ్యత ఎవరిది? ఒకవైపు నైపుణ్యం గురించి ప్రసంగాలు సాగుతుంటే, 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం నిలిపివేసింది. బడిలో నిలవని బిడ్డ ఐటీఐ గేటు దాకా ఎలా చేరుతాడు?

ఇంట్లో, మసీదులో, ప్రభుత్వంలో

"మనవాళ్లను ఎవరు తీసుకుంటారు?" అన్న నిరాశ మన ఇళ్లలో బలంగా ఉంది. వివక్ష లేదని నేను అనను. పేరు చూసి దరఖాస్తు పక్కన పెట్టే చోట్లు ఉన్నాయి. కాని దరఖాస్తే చేయకపోతే ఆ వివక్షకు సాక్ష్యం కూడా ఉండదు. జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకుని, దరఖాస్తు ప్రతిని, తిరస్కరణను భద్రపరచి, పది మంది అనుభవాలను కలిపి అధికారుల ముందు ఉంచితే అది వాదన అవుతుంది. నోటిమాట ఆవేదన దగ్గరే ఆగిపోతుంది.

"అయిదారు వేలతో ఇల్లు గడుస్తుందా?" అన్న తల్లి ప్రశ్న మరింత కఠినమైనది. షెడ్డులో ఇంతకంటే ఎక్కువే వస్తుండవచ్చు. అద్దె కట్టవలసిన ఇంటికి రెండేళ్ల ఓర్పు అంటే చిన్న మాట కాదు. ఆ లోటును భర్తీ చేయవలసింది సమాజం. జకాత్ సొమ్మును ఒక పూట రేషనుకు ఇవ్వడం మంచిదే. అర్హుడైన ఒక పేద అప్రెంటిస్ కుటుంబానికి శిక్షణ పూర్తయ్యేదాకా నెలనెలా అండగా నిలవడం ఆ కుటుంబాన్ని జకాత్ తీసుకునే స్థితి నుంచే తప్పించగలదు. దీన్ని ఉలమాలు, బైతుల్ మాల్ నిర్వాహకులు కూర్చుని ఆలోచించాలి.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. లెన్సుల తనిఖీ, అమరిక, పూత పనులు దుమ్ము లేని గదుల్లో జరుగుతాయి. కండబలం కన్నా ఏకాగ్రత, నిలకడ గల చేయి ముఖ్యం. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని ఇంట్లోనే ఆగిపోయిన మన అమ్మాయిలకు ఐటీఐ, డిప్లొమా దారులు చూపకపోవడం మన పొరపాటే.

కాబట్టి మసీదు కమిటీలను కోరేది ఇది: ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఒక జుమా తరువాత ఐటీఐ, అప్రెంటిస్‌షిప్ నమోదు బల్ల వేయండి. ఆధార్, కులం, ఆదాయ పత్రాలు ముందే సిద్ధం చేయించండి. మన దుకాణదారులను, కార్ఖానాల యజమానులను కోరేది: సిబ్బంది నలుగురు ఉన్నా చట్టం మీకు అప్రెంటిస్‌ను తీసుకునే వీలు కల్పిస్తోంది. మీ దగ్గర పని నేర్చుకుంటున్న అర్హులైన పిల్లల పేర్లు నమోదు చేయండి, వారిని చదువుకోనివ్వండి. ప్రభుత్వాలను కోరేది: మైనారిటీ జనాభా అధికంగా ఉన్న ప్రాంతాల ఐటీఐల్లో సూక్ష్మ యంత్ర పని, ఆప్టిక్స్ ట్రేడులు తెరవండి. అప్రెంటిస్‌లలో మైనారిటీ యువత ఎందరున్నారో సంస్థల వారీగా ఏటా ప్రకటించండి. ఉస్తాద్ వద్ద ఏళ్ల తరబడి పని చేసినవారికి నైపుణ్య పరీక్ష పెట్టి పత్రమిచ్చే కేంద్రాలను బస్తీలకు తీసుకురండి.

తెలంగాణ జనాభాలో 2011 లెక్కల ప్రకారం దాదాపు 12.7 శాతం ఉన్న సమాజం తన నేర్పునంతా కాగితం లేని పనిలో కరగబెట్టుకుంటే నష్టపోయేది ఆ సమాజం ఒక్కటే కాదు, ఈ నేల కూడా.

కళ్లద్దాల దుకాణం వెనుక గదిలోని ఆ యువకుడు మరో చిన్న తమ్ముడికి పని నేర్పుతూ ఉంటాడు. ఈసారి అటు వెళ్లినప్పుడు అద్దం ధరతో పాటు ఇంకో మాట కూడా అడుగుదాం: "ఆ తమ్ముడి పేరు ఎక్కడైనా నమోదు చేశారా?"